ఆరే వేళ సూపు

ఒక బుధవారం మధ్యాహ్నం జిగురక్క ఒక లాయరుగారి ఆస్తి తగాదాల పుస్తకానికి వెన్నంతా సూపు పూసింది.

కంగారుపడి పూసింది కాదు. ఎప్పుడూ పూసినట్టే, బ్రష్షును గిన్నె అంచుకి ఒకసారి తుడిచి, పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి, మూలల్లోకి కూడా చక్కగా వెళ్ళేట్టు పూసింది. ఒకచోట క్యారెట్ ముక్క అంటుకుంటే గోటితో తీసి పక్కన పెట్టింది. గుడ్డ అతికించింది, అట్ట వేసింది, ప్రెస్సులో పెట్టి మర బిగించింది. మర్నాడు తీసి చూస్తే పుస్తకం ఒకవైపు, అట్ట ఒకవైపు వచ్చాయి. వాసన మాత్రం బాగుంది. మేస్త్రి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కాసేపు ఆలోచించి, "ఇందులో మిరియాలు ఎవరేశారు?" అని అడిగాడు.

తుడిచి, మళ్ళీ జిగురు పూసి ఇచ్చేశారు. లాయరుగారు ఏమీ అనలేదు. ఆయన గుమాస్తా మాత్రం ఓసారి కనబడి, మా ఆఫీసులో ఎన్నడూ చీమలుండేవి కావండీ, ఇప్పుడు ఆ ఒక్క పుస్తకం చుట్టూనే తిరుగుతున్నాయి, న్యాయమేదో అందులోనే దాగున్నట్టుంది అన్నాడట.

జిగురు కాచి కాచి, జిగురే పేరుగా స్థిరపడిపోయిన మనిషి ఇలాంటి పని చేసిందంటే ఎవరూ నమ్మలేదు. ఆ బైండింగు షాపులో పనిచేసేవాళ్ళకి మాత్రం ఆశ్చర్యం వెయ్యలేదు. పొయ్యి మీద రెండు సత్తు గిన్నెలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాంట్లో మైదా జిగురు, ఇంకోదాంట్లో మధ్యాహ్నం తాగే సూపు. రెండిటికీ ఒకటే రంగు, ఒకటే చిక్కదనం, ఒకటే ఆవిరి. ఆమె కళ్ళు జిగురు గిన్నె మీదే ఉన్నాయి. చెయ్యి మాత్రం మనసు మాట విని పక్క గిన్నెలోకి పోయింది. ఎందుకంటే సరిగ్గా ఆ వారంలోనే ఆమెకి సూపు గిన్నె నిషిద్ధమైంది.

ఆ షాపు ఒక మేడ మీద పొడుగాటి గది. ఒక చివర కటింగ్ మిషను, ఇంకో చివర పొయ్యి, మధ్యలో పొడుగు బల్ల, కింద నడిస్తే కాళ్ళకి చుట్టుకునేన్ని కాగితం పీలికలు. మనుషులు నలుగురే. మేస్త్రి వాళ్ళ నాన్న పెట్టిన షాపు అది. అట్టల మీద బంగారు అక్షరాలు అద్దడం మేస్త్రి పని. మిషను దగ్గర బాబాయ్. ఆయన ఎవరికీ బాబాయి కాదు, కాబట్టి అందరికీ బాబాయే. ఫారాలు, అంటే మడిచిన అచ్చుకాగితాలు, కుట్టేది వదిన. ఈవిడ మాత్రం నిజంగా జిగురక్కకి వదినే, అన్నగారి భార్య. అన్నగారు సరుకుల లారీతో ఊళ్ళు తిరుగుతుంటాడు కనక ఆడపడుచుని దెప్పే బాధ్యతా, చూసుకునే బాధ్యతా రెండూ వదినే మోస్తోంది. మొదటిది కాస్త ఎక్కువ శ్రద్ధగా మోస్తోంది. నాలుగో మనిషి జిగురక్క.

ఆ గదిలో సూపు తాగడానికి ఒక వేళ ఉంది. పొద్దున్నుంచి కుట్టినవాటికీ కత్తిరించినవాటికీ జిగురు పూసి, ప్రెస్సులో పెట్టి బిగించాక, అవి ఆరేదాకా వాటిని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వెన్ను వంకరపోతుంది. అందుకని అందరూ ఒక్కసారే చేతులు ముడుచుకుంటారు. దాన్ని వాళ్ళు ‘ఆరే వేళ’ అంటారు. ఆ వేళే సూపు.

దానికో పద్ధతి కూడా ఉంది. ఎవరి గిన్నె వాళ్ళు నింపుకోకూడదు. వెనకటికి అందరి చేతులకీ జిగురుండేది కాబట్టి చేతులు కడుక్కున్నవాళ్ళు మిగతావాళ్ళకి పోసేవారట. తరవాత పంపులొచ్చాయి, సబ్బులొచ్చాయి, అందరూ శుభ్రంగా కడుక్కోవడం నేర్చుకున్నారు. పద్ధతి మాత్రం పోలేదు. బాబాయ్ గిన్నెలో వదిన పోస్తుంది, వదిన గిన్నెలో మేస్త్రి, మేస్త్రి గిన్నెలో జిగురక్క, జిగురక్క గిన్నెలో బాబాయ్. మధ్యలో, "ఏం బాబాయ్, ముక్కలన్నీ ఆవిడకేనా?" అని వదిన అనడం, "నువ్వు కూడా ఎప్పుడైనా మంచిమాట మాట్లాడు, నీకూ వేస్తా" అని బాబాయ్ అనడం, ఇవన్నీ ఆ పద్ధతిలో భాగమే.

జిగురక్క ఒంటరి మనిషి. వదిన ఇంటికి రెండు వీధుల అవతల ఒంటిగది. వచ్చి మాతో ఉండమని వదిన అంటూనే ఉంటుంది గాని, ఆడపడుచుకి మర్యాద నిలవాలంటే వాకిలి వేరుగా ఉండాలని ఈవిడ సిద్ధాంతం. ఆ గదిలో పొద్దున ఆమె వండుకుంటుంది, ఆమె వడ్డించుకుంటుంది, రాత్రి కూడా అంతే. రోజు మొత్తంలో ఆమె గిన్నెలో ఇంకొకరి చెయ్యి పోసేది ఆ ఒక్క ఆరే వేళలోనే. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అసలు ఆమెకి కూడా అది పోయేదాకా తెలియలేదు.

పోవడం ఇలా పోయింది. కొన్ని నెలలుగా కడుపునొప్పి, నీరసం, తిన్నది ఒంటపట్టకపోవడం. వదిన చెవిలో జోరీగలా పోరి పోరి ఆస్పత్రికి లాక్కెళ్ళింది. పరీక్షలన్నీ చేసి డాక్టరమ్మ చెప్పింది.

"గోధుమ మీకు పడదమ్మా. అందులో గ్లూటెన్ అని జిగురులాంటి పదార్థం ఉంటుంది. అది మీ పేగుల్ని పాడుచేస్తోంది."

"జిగురా అండీ?"

"జిగురులాంటిదే."

జిగురక్క తలొంచుకుంది. "నేను చేసేదే ఆ పనండీ."

"చెయ్యండి. పుస్తకాలకి పూస్తే మీకేం కాదు, నోట్లోకి పోకూడదు, అంతే. రొట్టె, బిస్కెట్లు, సేమియా మానెయ్యండి. బార్లీ కూడా."

"మరి సూపు?"

"సూపు మంచిదేగా, తాగండి."

ఆ ఒక్క మాటతో జిగురక్క ప్రాణం లేచొచ్చింది. రొట్టె పోతే పోయింది, బిస్కెట్లు పోతే పోయాయి. ఆమె బుద్ధిగా అన్నీ మానేసింది, సూపు మాత్రం తాగింది. నొప్పి తగ్గలేదు. మళ్ళీ వెళ్తే డాక్టరమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "ఇంకేం తింటున్నారు?" అంది.

"సూపేనండీ. మీరు తాగమన్నారుగా."

"దేంతో చేస్తారు?"

"బిళ్ళతో."

"బిళ్ళలో ఏముంటుంది?"

"సూపు."

డాక్టరమ్మ నవ్వలేదు. బిళ్ళ చుట్టిన కాగితం తెప్పించింది. కళ్ళజోడు పైకి నెట్టి, కిందికి దించి, దీపం దగ్గర పట్టుకుని చదివింది. ఉప్పు తరవాత, నూనె తరవాత, మూడో మాట గోధుమపిండి. షాపులో సూపు చిక్కబడడానికి చల్లే పొడి కాగితం మీదైతే మొదటి మాటే అది.

ఆ రోజునుంచి ఆరే వేళకి జిగురక్క తన డబ్బా తీసుకుని కిటికీ దగ్గర కూర్చునేది. డబ్బాలో అన్నం, ఉడకబెట్టిన బంగాళాదుంప. తక్కిన ముగ్గురూ పొయ్యి దగ్గర. ఆమె కిటికీలోంచి వీధి చూసేది. వీధిలో చూడ్డానికేం లేదు. ఎదురుగా తాళాలు బాగుచేసేవాడి దుకాణం, దాని మీద ఆరేసిన దుప్పటి. వీపు వెనక గరిటె గిన్నె అంచుకి తగిలిన చప్పుడు వింటే ఆమెకి తెలిసిపోయేది, ఇప్పుడు పోసింది ఎవరు, పోయించుకున్నది ఎవరు అని. బాబాయ్ పోస్తే రెండుసార్లు తగులుతుంది. ముక్కలు వెతుకుతాడు కదా.

ఇంకో సంగతి ఆమెని ఎక్కువ బాధపెట్టింది. బాబాయ్ సూపు తాగితే మెట్ల దాకా వినబడేది. జుర్రుకుంటూ, మధ్యలో ‘హా’ అనుకుంటూ. అలాంటి బాబాయ్ జుర్రుకోవడం మానేశాడు. ముగ్గురూ తప్పు చేసినవాళ్ళలా, చప్పుడు కాకుండా, గబగబా తాగేసి గిన్నెలు కడిగేసేవాళ్ళు. ఒకప్పుడు అంత తియ్యగా సాగిన వేళ ఇప్పుడు తనవల్లే చేదైపోయిందని ఆమెకి అర్థమైంది. తిట్టినా బాగుండేదనిపించింది.

ఆదివారం ఇంట్లో నాలుగు కూరముక్కలు ఉడకేసి సూపనుకుంది. బిళ్ళ లేదు, పొడి లేదు. గిన్నెలో పోసుకుని చూస్తే ఎవరో ముఖం కడుక్కున్న నీళ్ళలా ఉంది. ఉప్పేస్తే ఉప్పునీళ్ళలా ఉంది. తాగింది. కడుపు నొప్పి రాలేదు. ఇంకో గిన్నెడు తనే పోసుకుంటూ మధ్యలో ఆగి, గరిటె అలాగే పట్టుకుని నించుంది. తరవాత దాన్ని గిన్నెలో వదిలేసి వెళ్ళి కిటికీ తలుపు మూసింది.

సోమవారం బాబాయ్‌ని భూతద్దం అడిగింది. కోత సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోడానికి ఆయన దగ్గర ఒకటుంటుంది.

"దేనికమ్మాయ్?"

"చదువుకోడానికి."

"ఈ వయసులోనా! సరే, పగలగొట్టకు" అని ఇచ్చాడు.

పనయ్యాక పెద్ద సరుకుల కొట్టుకి వెళ్ళింది. ఆ కొట్టులో ఆమెకి తెలిసిన దారి ఒకటే. లోపలికెళ్ళి ఎడమకి తిరిగితే మైదా. కళ్ళు మూసుకుని వెళ్ళి సంచి భుజాన వేసుకుని రాగలదు. ఈసారి కుడికి తిరిగింది. సూపులవీ, సూపు బిళ్ళలవీ, పొళ్ళవీ, అట్టపెట్టెల్లో పోసి అమ్మే సూపు నీళ్ళవీ అరలు మనిషెత్తు దాటి ఉన్నాయి.

ముందువైపు చూస్తే అన్నీ అందగత్తెలే. ఆవిరి కక్కే గిన్నెలు, తడితడిగా మెరిసే క్యారెట్లు, నవ్వుతున్న అమ్మలు. కాని పుస్తకం గట్టిదో కాదో దాని వెన్ను చెప్పినట్టు, డబ్బా సంగతి దాని వీపు చెబుతుంది కదా. జిగురక్క ఒక్కొక్కదాన్నే తిప్పి భూతద్దం పెట్టింది. ఒకదాంట్లో గోధుమపిండి దర్జాగా ముందే కూర్చుంది. ఇంకోదాంట్లో లేదనుకుంది గాని, ‘చిక్కదనం కోసం’ అన్న మాట వెనక దాక్కుంది. మరోదాంట్లో సోయా సాస్ ఉంది, ఆ సాస్‌లో ఏముందో చూస్తే గోధుమ. వేరొకదాంట్లో బార్లీ మాల్టు. ఇంకొకటి అంతా నికార్సుగా ఉందని సంతోషపడేలోపు చిట్టచివర, గోధుమ వాడే యంత్రాల మీదే దీన్ని తయారుచేశాం అని చల్లగా చెప్పింది. చదివినకొద్దీ లోకమంతా మైదాతోనే అతుక్కుని ఉందని ఆమెకి అనుమానమేసింది.

అరలు సర్దే ఆయన, నెరిసిన మీసాలవాడు, అటు రెండుసార్లు ఇటు రెండుసార్లు తిరిగాడు. చివరికి ఆగాడు.

"అక్కయ్యా, ఇక్కడే కాపురం పెట్టేట్టున్నారు. మంచం వేయించమంటారా?"

"మంచం ఒద్దు తమ్ముడూ, గోధుమ లేని సూపుంటే చూపించు. బార్లీ కూడా ఉండకూడదు."

"ఓహో, అదా! ఇంతసేపూ మీరేదో తనిఖీకి వచ్చారని మా మేనేజరు చెమటలు పట్టి కూర్చున్నాడు." భూతద్దం వంక చూసి నవ్వాడు. "మీ ఒక్కరికేనా?"

అవునందామని నోరు తెరిచింది. "కాదు" అంది. "నలుగురికి."

అతను ఆమెని కొట్టు చివరికి తీసుకెళ్ళాడు. అక్కడ అన్నిటికన్నా కింది అర. డాక్టరు చెబితే తప్ప ఎవరూ వంగని అర అది. అందులోంచి ఒక అట్టపెట్టె తీశాడు. కూరగాయలు ఉడికించిన సూపు నీళ్ళు. దాని మీద గోధుమకంకి బొమ్మ, బొమ్మకి అడ్డంగా ఒక గీత, కింద ‘గ్లూటెన్ లేదు’ అని.

"ఆ గీత చూసుకోండి. పక్కదీ ఇదే రంగు, ఇదే కంపెనీ. చూశారా, గీత లేదు. బార్లీ ఉంది అందులో. అక్కాచెల్లెళ్ళు, గుణాలు వేరు. రంగు చూసి తీసుకోకండి. కొన్న ప్రతిసారీ వెనక చదవండి. ఈ కంపెనీలవాళ్ళు చెప్పాపెట్టకుండా సరుకు మార్చేస్తారు."

అయినా జిగురక్క అక్కడే చతికిలబడి మొదటినుంచి చివరిదాకా చదివింది. క్యారెట్, ఉల్లి, ఆకుకూర, ఉప్పు, మిరియం. మళ్ళీ చదివింది. ఇంత చక్కటి రచన ఆమె ఈ మధ్యకాలంలో చదవలేదు.

మర్నాడు షాపులో దాన్ని బల్ల మీద పెడితే ముగ్గురూ చుట్టూ చేరారు.

"ఇవాళ్టినుంచి బిళ్ళ లేదు, పొడి లేదు, అందరికీ ఇదే" అంది జిగురక్క.

వదిన మూత తీసి తొంగి చూసింది. "నీళ్ళలా ఉందేమే!"

"కూరలేస్తే నిండుగా ఉంటుంది."

"ఉంటుందిలే. నువ్వు మాతో కూర్చుంటానంటే ఒట్టి నీళ్ళైనా తాగుతాం. తాగకపోతే ఈ ముసలాయన ఊరుకునేట్టు లేడు, నువ్వు కిటికీ దగ్గరికెళ్ళిన కాడ్నుంచీ దిగులుతో సగమైపోయాడు" అంది వదిన.

"నేనెక్కడ సగమయ్యాను? నువ్వు పోసేదే సగం గరిటె" అన్నాడు బాబాయ్.

బంగాళాదుంపలూ క్యారెట్లూ పడ్డాయి. జిగురక్క ఎప్పట్లాగే జిగురు కలియబెట్టి, గరిటె పంపు కింద కడిగి, సూపు కలియబెట్టింది. పుస్తకాలు ప్రెస్సులోకి వెళ్ళాయి. బాబాయ్ గరిటె పట్టుకుని, గిన్నె అంచుకి రెండుసార్లు తగిలించి, ఆమె గిన్నెలో పోశాడు. ఆవిరికి ఆమె కళ్ళజోడు మసకబారింది. అది మంచిదే అయింది. బాబాయ్ మొదటి గుక్క జుర్రుకున్నాడు. ఆ చప్పుడుకి మెట్ల మీద పడుకున్న పిల్లి లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం జిగురక్కకి నొప్పి వచ్చింది.

మొదట్లో గాలి అనుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చింది. పెట్టె మీద ఇంకోసారి చదివింది, గీత ఉన్నచోటే ఉంది. మూడో రోజు మెట్లెక్కుతూ మధ్యలో సంచి దింపి గోడ పట్టుకుంది. ఎవరితోనూ అనలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఇంకెవరూ ఏమీ అనక్కర్లేదు, తనంతట తనే డబ్బా తీసుకుని మళ్ళీ ఆ కిటికీ దగ్గరికి పోవాలి. వీపు వెనక ముగ్గురూ మళ్ళీ చప్పుడు కాకుండా తాగాలి. దానికన్నా నొప్పే నయమనిపించింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఆమె రోజూ నవ్వుతూ గిన్నె చాచింది, బాబాయ్ పోశాడు, ఆమె తాగింది.

వదిన కళ్ళు మూసుకునే రకం కాదు.

"మొహం మైదాలా పాలిపోయింది. మళ్ళీ నొప్పా?"

"లేదు."

"నా మీద ఒట్టెయ్."

"నీ మీద ఒట్టెందుకు వదినా, నిండు కాపురం..."

"చూశావా, వెయ్యలేవు. పోనీ మీ అన్న మీద వెయ్, లారీ మీదుంటాడు, భయం లేదు" అని, వెంటనే గొంతు తగ్గించి, "చచ్చిపోతావే పిచ్చిదానా" అంది.

జిగురక్క చెంగుతో మొహం తుడుచుకుని, "బాబాయ్‌తో అనకు" అంది.

"అనను. సాయంత్రంలోపు నువ్వే తేల్చు, లేకపోతే నేను ఆ గిన్నె తీసుకెళ్ళి కాలవలో పారేస్తా."

ఖాళీ పెట్టె పట్టుకుని ఆమె కొట్టుకెళ్ళింది. అరలు సర్దే ఆయన పెట్టె తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇందులో ఏం లేదక్కయ్యా. మీ వంటలో ఏమేస్తున్నారు?"

"బంగాళాదుంప, క్యారెట్, మిరియాలు."

"రొట్టె నంజుకుంటున్నారా?"

"ముట్టుకోవడం లేదు."

"గిన్నె?"

"వేరేది. కొత్తగా తోమింది."

"కలిపేది దేంతో?"

"గరిటెతో."

"ఏ గరిటె?"

"మా గరిటే. జిగురు కల..." అని ఆగిపోయింది.

కొట్టులో ఎవరో బండి తోసుకుంటూ ఆమె కాలి మీంచి పోయినా తెలియలేదు. కర్ర గరిటె. షాపు ఎంత పాతదో అదీ దాదాపు అంత పాతది. పొద్దున్నే మైదా జిగురులో మునుగుతుంది, పంపు కింద ఒకసారి తడుస్తుంది, సూపులో మునుగుతుంది. కొట్టులో డబ్బాలన్నిటి మీదా భూతద్దం పెట్టి వెతికింది. రోజూ తన చేత్తోనే, తన సూపులోనే, తనే గోధుమ కలిపింది. కంచే చేను మేస్తే చెప్పుకునేది ఎవరితో!

మర్నాడు ముగ్గురికీ చెప్పేసింది. వదిన గరిటె అందుకుని, ఫారాలు కుట్టేటప్పుడు దారం కోసే కత్తితో గీరింది. కర్ర రావాల్సినచోట తెల్లటి పొర లేచింది. బాబాయ్ నేల చూపులు చూశాడు. ఇన్నాళ్ళూ ఆ గరిటెతో పోసింది ఆయనే మరి.

"కొత్త గరిటె కొనేద్దాం" అన్నాడు.

"గరిటె ఒక్కటే అయితే నేనే చెక్కించి తెద్దును. ఆ పొయ్యి చూడు. కిటికీ ఊచలు చూడు. అంతెందుకు, నీ మీసం దులుపు! రోజూ పొద్దున్నే ఈ గదిలో మైదా మబ్బు లేస్తుంది. ఆ మబ్బు ఏ గిన్నెలో వానై పడుతుందో ఎవడు చూశాడు?" అంది వదిన.

"నేను కిటికీ దగ్గరే తింటాలెండి" అంది జిగురక్క. అనేసి నవ్వింది కూడా. వెళ్ళి కూర్చుంది. ఎదుటి దుకాణం మీద దుప్పటి ఇంకా ఆరుతూనే ఉంది.

ఆమె ఎన్నడూ ఎవరినీ ఏదీ అడిగిన మనిషి కాదు. జీతం పెంచమని అడగలేదు, సెలవు అడగలేదు, పొయ్యి దగ్గర వేడిగా ఉంది ఫ్యాను ఇటు తిప్పమని కూడా అడగలేదు. ఆ పూటంతా వాళ్ళ గరిటె చప్పుడు వింటూ, తను ఇంకెప్పటికీ వినడమే తప్ప పోయించుకోవడం ఉండదా అనుకుంది. సాయంత్రం వెళ్తూ వెళ్తూ, బియ్యప్పిండి కొంది.

రెండు రోజులు ఇంట్లో కాచింది. మొదటి గిన్నె ఉండకట్టింది. రెండోది నీళ్ళలా జారింది. నీళ్ళు తగ్గించి, మంట తగ్గించి, ముందే చల్లటి నీళ్ళలో కలిపి, తిప్పడం ఆపకుండా కాస్తే, మూడోది అద్దంలా మెరుస్తూ వచ్చింది. దాంతో పాత క్యాలెండరు అట్టలు అతికించి గట్టిగా లాగింది. అట్ట చిరిగింది గాని అతుకు రాలేదు.

మూడో రోజు పొద్దున మేస్త్రి రాగానే ఆ గిన్నె ఆయన ముందు పెట్టింది.

"ఇదేంటి?"

"జిగురు. బియ్యప్పిండిది."

మేస్త్రి వేలు ముంచి, రెండు వేళ్ళ మధ్య సాగదీశాడు. మొహం చిట్లించాడు. "జిగురక్కా, మా నాన్న కాలం నుంచి ఇక్కడ మైదా జిగురే. ఈ షాపుకి ఉన్న పేరే ఆ జిగురుది."

"మీ నాన్నగారికి నా పేగులు లేవు కదా మేస్త్రీ."

బాబాయ్ దగ్గాడు. వదిన సూది ఆగింది. ఆ గదిలో జిగురక్క మేస్త్రికి ఎదురు చెప్పడం అదే మొదలు.

"నేను ఒద్దనట్లేదు, నువ్వు కాస్త ఆలోచించు. సూపు వదిన వాళ్ళింట్లో కాచుకొస్తుంది. నీకు వేరే డబ్బాలో తెస్తుంది. నువ్వు అక్కడ..." అని కిటికీ వైపు చూపించబోయి, చెయ్యి మధ్యలోనే దించుకున్నాడు.

"ఇంట్లో రెండు పూటలా నా గిన్నెలో నేనే పోసుకుంటున్నా మేస్త్రీ" అంది జిగురక్క. బ్రష్షు తీసుకుని పొయ్యి గట్టు తుడవడం మొదలెట్టింది, బ్రష్షుతోనే.

మేస్త్రి చాలాసేపు ఆ గిన్నెలోకే చూశాడు. తరవాత తనే ఒక కొట్టు ఖాతా పుస్తకం తీసి, వెన్నుకి ఆ జిగురు పూసి, గుడ్డ వేసి, ప్రెస్సులో పెట్టాడు. మర్నాడు తీసి, అట్ట రెండు రెక్కలూ పట్టుకుని వేలాడదీశాడు, ఊపాడు, బాబాయ్‌ని కూడా లాగమన్నాడు. రాలేదు.

"బరువు పుస్తకాలకి రెండు పూతలు పుయ్యాలి" అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "మిగిలిన మైదా ఎవరికైనా ఇచ్చెయ్యండి."

ఆ శనివారం ప్రెస్సుకి సెలవిచ్చి గది కడిగారు. బాబాయ్ మిషను కింద పడుకుని తుడిచాడు, లేవడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. కిటికీ ఊచల మీంచి రాలిన పిండి చూసి, "ఇంకో పదేళ్ళు జిగురు కాచుకోవచ్చు, అనవసరంగా కొన్నారు" అంది వదిన. పొయ్యిని ఆమె ఇసకతో తోమింది. కర్ర గరిటెని మేస్త్రి కాగితంలో చుట్టి ఇంటికి పట్టుకెళ్ళాడు. కొత్త గిన్నె, కొత్త స్టీలు గరిటె వదిన కొనుక్కొచ్చి, ఎవరూ అడక్కపోయినా, "నీకోసం కాదు, పాతది సొట్టపోయింది" అంది.

సోమవారం జిగురక్క పొద్దున్నే సూపు పెట్టె వీపు ఒకసారి చదివి, కంకి మీద గీత చూసుకుని, మూత తీసింది. పుస్తకాలకి బియ్యపు జిగురు రెండు పూతలు పడ్డాయి. ప్రెస్సు మర బిగిసింది. నలుగురూ పొయ్యి చుట్టూ చేరారు. బాబాయ్‌కి స్టీలు గరిటె అలవాటు లేదు, అంచుకి తగిలితే గంట కొట్టినట్టు మోగింది. ఆయన ఉలిక్కిపడి, ఇంకోసారి కావాలనే మోగించి, ఆమె గిన్నె నింపాడు. తరవాత ఎవరూ ఏమీ మాట్లాడలేదు. బాబాయ్ జుర్రుకునే చప్పుడులో మాట్లాడినా వినబడదు.

ఆ సాయంత్రం నొప్పి రాలేదు. మర్నాడూ రాలేదు. డాక్టరమ్మ పేగులు కుదుటపడ్డానికి నెలలు పడతాయంది గాని, వారం తిరిగేసరికి మెట్ల మధ్యలో సంచి దింపే అవసరం లేకుండా పోయింది.

అయితే మేస్త్రికి మనశ్శాంతి లేదు. మైదా జిగురైతే సూపు అయ్యేసరికి ఆరేది. ఇది అంత తొందరగా ఆరే జాతి కాదు. ఒక రోజు గిన్నె సగంలో ఉండగానే లేచి, ప్రెస్సు దగ్గరికెళ్ళి, ఒక వెన్నుని బొటనవేలితో నొక్కి చూసి, మొహం మాడ్చుకుని వచ్చాడు.

"ఇంకా తడిగానే ఉంది జిగురక్కా! పాత జిగురైతే ఈపాటికి రాయైపోయేది. ఇలాగైతే రోజూ పనంతా ఎక్కడికక్కడ ఆగిపోయి, మనం ఇక్కడ కూర్చోవడమే సరిపోతుంది."

జిగురక్క ఖాళీ గిన్నె ఆయన ముందుకి చాచింది.

"ఆరనివ్వండి మేస్త్రీ, ఈలోగా నాకింకో గరిటె పొయ్యండి."